పడవరాణి ఉదయం ఆట

"నూట ముప్పై ఏడు," అంది వీరవేణి, కళ్ళజోడు పైకి తోసుకుని. "హార్మోనియం మీద ఎవరో మంచినీళ్ళ గ్లాసు పెడతారు. చెయ్యి తగిలి ఒలుకుతుంది. నీళ్ళు పెట్టెలోకి దిగి, పద్యం మధ్యలో మెట్లు మూగబోతాయి."

"నివారణ?" అని అడిగింది గోడలోని యంత్రం నెమ్మది.

"రంగం మీదికి గ్లాసు రానివ్వకు. మూత బిగించిన సీసా అయితే పరవాలేదు. మూత వదులుగా ఉంటే అదీ వద్దు."

"రాసుకున్నాను. నూట ముప్పై ఎనిమిది?"

నెమ్మదిది ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. మధ్యాహ్నం పూట పక్కవాటాలో ఎవరో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. పదకొండేళ్ళుగా వీరవేణి దానికి చెబుతూనే ఉంది, అది రాసుకుంటూనే ఉంది. ఒక్కసారైనా ఇదేం చోద్యమని అనలేదు. ఇంట్లో కూడా అలా వినే ప్రాణి ఒక్కటి ఉంటే ఎంత బాగుండేదో అని ఆమె చాలాసార్లు అనుకుంది.

కనుగది రంగశాల వెనక గోడకి, పైకప్పుకి కాస్త కింద, పిచ్చుక గూడులా అతుక్కుని ఉంటుంది. అద్దంలోంచి చూస్తే నాలుగువేల రెండువందల నాడికుర్చీలు మెట్లుమెట్లుగా దిగిపోయి, చిట్టచివర నీటిరంగం దగ్గర ఆగుతాయి. తొమ్మిదీ ముప్పావు అయింది. తలుపులు తీశారు, జనం వస్తున్నారు. ఒకాయన భార్యని ఒక వరసలోనూ పిల్లల్ని ఇంకో వరసలోనూ కూర్చోబెట్టి, తను మూడో వరసలో నిలబడి అందరికీ సైగలు చేస్తున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు జంతికల డబ్బా ఎవరి ఒళ్ళో ఉండాలనే విషయం తేల్చుకోలేక మధ్య కుర్చీలో దానికే చోటిచ్చారు. ఒకావిడ కుర్చీ తడిమి, కొంగుతో తుడిచి, మళ్ళీ తడిమి, అప్పుడు కూర్చుంది. ఆవిణ్ణి చూస్తే వీరవేణికి ముచ్చటేసింది.

ముందున్న బల్ల మీద ఆ కుర్చీలన్నీ బియ్యపు గింజలంత చుక్కలు. ఖాళీ కుర్చీ నలుపు. మనిషి కూర్చుంటే తెలుపు. గుండె కదిలితే పసుపు, మరీ కదిలితే కుంకుమ, నిద్రపోతే బూడిద. కుంకుమ చుక్కలు మూడువందలు దాటితే గట్టు తెగినట్టే లెక్క. ఎప్పుడో, వీరవేణి వాళ్ళమ్మ చిన్నప్పుడు, ఎక్కడో ఒక ఆటలో జనం ఉద్రేకం పట్టలేక ఒకరి మీద ఒకరు పడ్డారట. ఆ తరవాతే గట్టు చట్టం వచ్చింది. ప్రతి రంగశాలకీ ఒక నెమ్మది వచ్చింది. నెమ్మదికి చెప్పడానికి ఒక కీడెంపరి వచ్చింది.

కీడెంచి మేలెంచమని పెద్దలు అన్నారు గానీ, ఆ ఎంచడమే ఉద్యోగమవుతుందని వాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు. యంత్రానికి జరిగినవే తెలుస్తాయి. జరగనివి, జరిగితే కొంప మునిగేవి మనిషికే తోస్తాయి, అది కూడా అందరికీ కాదు. పరీక్షలో ఖాళీ గది బొమ్మ ఒకటిచ్చి, ఇందులో ఏమేం కీడు జరగవచ్చో రాయమన్నారు. గదిలో ఒక ముక్కాలిపీట, ఒక కిటికీ ఉన్నాయి. పెద్ద చదువుల వాళ్ళు నాలుగో అయిదో రాసి బయటికొచ్చేశారు. పదో తరగతితో ఆగిన వీరవేణి అరవై ఒకటి రాసి, ఇంకో కాగితం అడిగింది. అరవై ఒకటోది: 'ఈ గదిలో ఎవరూ లేరంటే, ఉన్నవాళ్ళు ఎటు వెళ్ళినట్టు?' ఆ రోజే ఉద్యోగం ఇచ్చేశారు.

"నూట ముప్పై ఎనిమిది?" అంది నెమ్మది మళ్ళీ.

తలుపు తోసుకుని ఉమాపతి వచ్చాడు. రంగశాల నిర్వాహకుడు. పొడుగు మనిషి, చెడ్డ మాట చెప్పాల్సి వస్తే ఇంకాస్త వంగుతాడు. ఇవాళ గడప దాటేటప్పుడే బాగా వంగి ఉన్నాడు.

"పట్టీ ఎంతదాకా వచ్చిందండీ?"

"నూట ముప్పై ఏడు. పోయినసారి రెండొందల పన్నెండు రాశాను. ఇవాళ ఇంకా చాలా ఉంది."

"ఆయ్, తెలుసండి. దాని గురించే వచ్చాను." ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "పోయిన మూడు ఆటలూ పడవరాణి చూస్తూ సగం మంది నిద్రపోయారు. ఇవాళ్టి మెలకువ లెక్క చూసి రంగశాల సంఘం వాళ్ళు తేల్చేస్తారంట. ఇవాళ కూడా సగం బూడిదైతే, వచ్చే నెల నుంచి ఆట ఛాయానటులకి, ఆ వెలుగుబొమ్మలకి, ఇచ్చేస్తారు. మనుషుల ట్రూపుని పంపించేస్తారు."

మనుషుల ట్రూపు అంటే పద్నాలుగు మంది. వాళ్ళలో రాణి వేషం ధాత్రిది. ధాత్రి వీరవేణి కూతురు.

"మా అమ్మాయి బాగా పాడట్లేదా?" అంది వీరవేణి.

"ఎంత మాటండీ. నేను గేటు బయట నిలబడి విన్నాను, అక్కడికి గాలి రాదుగా. ఒళ్ళు ఝల్లుమంది. లోపల కుర్చీల్లో ఉన్నవాళ్ళకే ఆ భాగ్యం లేదు. పసుపు ఎక్కగానే నెమ్మది దింపేస్తోంది."

"నెమ్మదికి చెప్పండి మరి."

"నెమ్మది నా మాట వింటుందా? పట్టీలో రాసేదీ మీరే, కొట్టేసేదీ మీరే. సంఘం ప్రెసిడెంటు గారొచ్చినా ఒక్క పంక్తి తీయలేరు. మీరొక్కో పంక్తి రాసినప్పుడల్లా అది కుర్చీ కింద ఇంకాస్త వట్టివేళ్ళ గాలి వదులుతుంది, వీపుపలక ఇంకాస్త వాలుస్తుంది, రంగం మీద గొంతు ఇంకో పిసరు తగ్గిస్తుంది. మిగతా ఆటలకి మీరు నలభై రాస్తారు. పులుల ఆటకి, నిజం పులులొచ్చిన ఆటకండీ, యాభై ఆరు. మీ అమ్మాయి పద్యాలకి రెండొందల పన్నెండు."

"పులులు నా కడుపున పుట్టలేదు కదండీ," అంది వీరవేణి.

ఉమాపతి లేచి, తలుపు దగ్గర ఇంకోసారి వంగి, "ఆలోచించండమ్మా," అని వెళ్ళిపోయాడు.

వీరవేణి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. కిరీటం జిగురు ఊడుతుందన్న పంక్తి కొట్టేసింది. కొట్టేసిన మరుక్షణం, ఊడితే కంట్లో పడుతుందేమో అని తోచి, కంటి సంగతి వేరే పంక్తిగా రాయించింది. అలా మూడు తీసి అయిదు చేర్చి, బరువు దించుకున్నట్టు నీళ్ళు తాగింది. ఆట మొదలయ్యే పదిన్నరకి ఇంకా అయిదు నిమిషాలుందనగా, పట్టీ రెండొందల పన్నెండు దగ్గర ఉండగా, తెర వెనక నుంచి పిలుపొచ్చింది.

"అమ్మా, తిన్నావా?"

"నా తిండికేం గానీ, వేడినీళ్ళు తాగావా? గొంతెలా ఉంది?"

"గొంతు నిక్షేపంలా ఉంది. వినేవాళ్ళూ నిక్షేపంలా నిద్రపోతున్నారు. నాలుగువేల మందిని పడుకోబెట్టడానికి నాకు కిరీటమెందుకమ్మా, ఒక ఉయ్యాల ఇస్తే పోదా?"

"వెటకారాలు చాలు. ఉమాపతి గారు చెప్పారా?"

"అందరికీ తెలుసు. మేకప్ వేసే అత్త పొద్దున్నుంచి నన్ను అత్తారింటికి సాగనంపుతున్నట్టు చూస్తోంది." ధాత్రి ఒక క్షణం ఆగింది. "అమ్మా, రెండో అంకంలో పడవ పద్యం ఉంది కదా. దానికి ఇవాళ నడుం తాడు కట్టుకోవట్లేదు."

వీరవేణి బల్ల పట్టుకుంది. "ఎందుకని?"

"తాడు బిగిస్తే ఊపిరి సగమే దిగుతుంది. రాగం సాగదు. అంచు మీద నా అంతట నేను నిలబడి పాడాలి. చెప్పకుండా చేసేద్దామనుకున్నా. చెప్పకపోతే నన్ను చూసి నువ్వక్కడ పడిపోతావని చెప్తున్నా."

"కింద నీళ్ళున్నాయే."

"మోకాలి లోతు."

"మోకాలి లోతులో మునిగినవాళ్ళు లేరా?"

"ఎవరు?"

వీరవేణికి వెంటనే ఎవరూ గుర్తుకు రాలేదు. "ఉండే ఉంటారు," అంది.

"నా పేరు మీద రాసినవి కొట్టెయ్యమ్మా. ఇవాళ ఒక్కరోజు. పందిరి కూలుతుందని రాసుకో, పిడుగు పడుతుందని రాసుకో, నేనేం అనను. నా పేరు మాత్రం వద్దు."

"చూస్తాలే."

"చూస్తాలే అన్నావంటే చెయ్యవు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నా," అని ధాత్రి నవ్వి పెట్టేసింది.

వీరవేణి నెమ్మది వైపు తిరిగి, "రెండొందల పదమూడు," అంది. "నడుం తాడు లేదు."

దీపాలు తగ్గాయి. హార్మోనియం శ్రుతి అందుకుంది. అప్పుడే బల్ల మీద, ఆట ఇంకా మొదలవకుండానే, ఒక చుక్క పసుపెక్కింది. జ వరస, నలభై ఒకటి. పేరు పేరిందేవి, వయసు ఎనభై ఆరు. వీరవేణికి పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా ఆ కుర్చీ చెవి తెరిచింది.

"మామ్మగారూ, ఒంట్లో బాగానే ఉందా అండీ? నాడి కాస్త ఎక్కువ కొట్టుకుంటోంది."

పెద్దావిడ అటూ ఇటూ చూసి, చివరికి చేతిపలకతో మాట్లాడింది. "ఎవరే అమ్మాయ్, కుర్చీలో దూరావు?"

"పైన కనుగదిలో ఉన్నానండి. కీడెంపరిని."

"అయితే ఆ గాలి నీ పనేనా. నీకు దణ్ణం పెడతాను, నా కుర్చీకి మాత్రం కట్టెయ్యి. పోయినసారి మనవరాలు దగ్గరుండి తీసుకొచ్చింది. రాణి నోరు తెరిచింది, నేను కళ్ళు మూశాను. మళ్ళీ తెరిచేసరికి ఊడ్చేవాళ్ళు నన్ను కాళ్ళెత్తమంటున్నారు."

వీరవేణికి నవ్వొచ్చింది, ఆపుకుంది. "ఈ వయసులో నిద్ర మంచిదేనండి."

"నిద్రకి మా ఇంట్లో మంచముంది. ఇక్కడికి గుండె కొట్టుకోడానికి వచ్చాను. ఎనభై ఆరేళ్ళొచ్చాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు కొట్టుకుంటుందే అది?"

వీరవేణి కుర్చీ చెవి మూసేసింది. రెండొందల పద్నాలుగో పంక్తి: జ వరస నలభై ఒకటిలో పెద్ద గుండె. గాలి ఆపలేదు సరిగదా, ఇంకో పిసరు పెంచింది.

మొదటి అంకం నడిచింది. ఏరు పొంగి పల్లె మునిగిపోతుంది. పడవ నడిపే పిల్ల ఒక్కొక్కరినీ ఒడ్డుకి చేరుస్తుంది. ఒడ్డున పడ్డవాళ్ళు ఆ పిల్లకే కిరీటం పెడతారు. రంగం మీద నిజం నీళ్ళు ఎగసిపడ్డప్పుడు ముందు వరసల్లో పసుపు లేచింది. లేచిన పసుపు నాలుగో వరస దాటకముందే వట్టివేళ్ళ గాలి వీచి, నీళ్ళు పోసిన పొయ్యిలా చల్లబడింది. వీపుపలకలు వాలాయి. జంతికల అక్కచెల్లెళ్ళు డబ్బా మీద చెరో చెయ్యీ వేసి ఒకరి భుజాన ఒకరు ఒరిగారు. సైగలు చేసినాయన నోరు తెరిచాడు, మళ్ళీ మూయలేదు. బూడిద చుక్కలు ఏడువందలు, పదిహేనువందలు, రెండువేలు. సగమంటే రెండువేల ఒక వంద.

రెండో అంకానికి తెర లేచింది. ధాత్రి పడవ మీద వచ్చింది. అద్దం మీద ఆమె ముఖం దగ్గరగా కనిపించేటట్టు తిప్పుకుంది వీరవేణి. కిరీటం నిలిచే ఉంది. కన్ను బాగానే ఉంది. నడుముకి తాడు లేదు. ధాత్రి అంచు వైపు ఒక అడుగు వేసి, పద్యం ఎత్తుకునే ముందు జనం వైపు చూసింది.

ముందు వరసలో ఒకాయన గురక పెడుతున్నాడు. ఆయన తల భార్య భుజం మీద, ఆవిడ తల ఆయన తల మీద. ధాత్రి వాళ్ళని చూసింది. వాళ్ళ వెనక వాళ్ళని చూసింది. ఒక్క క్షణం ఆ పిల్ల ముఖంలోంచి రాణి వెళ్ళిపోయింది. మళ్ళీ తెచ్చిపెట్టుకుని, నవ్వి, ఊపిరి తీసుకుంది. ఎవరూ వినరని తెలిసి కూడా నిండా తీసుకుంది.

ఆ ముఖం వీరవేణికి తెలుసు. అయిదేళ్ళప్పుడు ధాత్రి వంటింట్లో పీటెక్కి, చేతులు చాచి, బళ్ళో నేర్పిన పాటేదో మొత్తం పాడింది. పాడి, ఎలా ఉందమ్మా అన్నట్టు చూసింది. వీరవేణికి పీట తప్ప ఏమీ కనపడలేదు. దిగు, పడతావు అంది. పిల్ల సరిగ్గా ఇలాగే చూసి, ఇలాగే నవ్వి, దిగిపోయింది. ఆ పాట ఏ పాటో ఇప్పటికీ వీరవేణికి తెలియదు.

రెండొందల పద్నాలుగు రాసింది. గ్లాసు రాసింది, జిగురు రాసింది, పిడుగు కూడా రాసింది. పిల్ల పాడుతుంటే వినేవాళ్ళు లేకపోవడం ఎక్కడా రాయలేదు. తను ఇంత పెద్ద కీడుని చూడకుండా వదిలేసిందా అనుకునేసరికి ఆమెకి ఒళ్ళంతా చెమట పట్టింది.

"నెమ్మదీ, రెండొందల పద్నాలుగు కొట్టెయ్. పదమూడు కొట్టెయ్."

"కారణం?"

"కారణమేంటి, కొట్టెయ్యమన్నాను. నూట ముప్పై ఏడు కూడా."

"కొట్టేస్తే గ్లాసు ఒలకవచ్చు."

"ఒలకనీ."

"పదకొండేళ్ళలో ఈ మాట మీ నోట వినలేదు," అంది నెమ్మది.

"ఒక్కొక్కటీ అంటూ కూర్చుంటే పద్యం అయిపోతుంది. మొత్తం పట్టీ కొట్టెయ్."

"ఖాళీ పట్టీతో ఆట నడపడానికి చట్టం ఒప్పుకోదు. ఒక్క కీడైనా ఉండాలి."

వీరవేణి అద్దం వైపు చూసింది. "అయితే రాసుకో. ఒకటి. ఈ పిల్ల పాడుతుంటే ఎవరూ వినకపోవడం."

"నివారణ?"

ప్రతి పంక్తికీ నివారణ చెప్పడం ఆమెకి అలవాటు. ఇవాళ మాత్రం "నాకు తెలీదు," అంది. "నువ్వే చూడు."

నెమ్మది రాసుకుంది. తరవాత రంగశాలలో వట్టివేళ్ళ గాలి ఆగిపోయింది. ఆ వెంటనే నాలుగువేల రెండువందల వీపుపలకలు ఒక్కసారిగా టప్పున నిటారుగా లేచాయి.

ముందు వరస దంపతుల తలలు ఢీకొన్నాయి. జంతికల డబ్బా కింద పడి మూడు వరసలు దొర్లింది. సైగలు చేసినాయన ఉలిక్కిపడి లేచి, "ఊరొచ్చిందా?" అని అడిగాడు. బల్ల మీద బూడిదంతా దులిపినట్టు పోయి తెల్లబడింది. తెల్లబడుతుండగానే ధాత్రి గొంతు, నెల రోజుల్లో మొదటిసారి ఒక పిసరు కూడా తగ్గకుండా, అచ్చంగా తన గొంతంత గొంతై వచ్చి జనానికి తగిలింది.

ఏటి కెదురీది వచ్చితి నేను తల్లి
నీటి కోపము గుండెతో నిలిపి యుంచి
ఒడ్డు చేరని వారికై యొంటిగాను
పడవ యంచున నిలిచితి పాట యగుచు

చివరి మాట దగ్గర ధాత్రి రాగం తీసింది. పడవ ఊగుతోంది, ఆ పిల్ల ఊగట్లేదు. రాగం పైకెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి చుట్టూ చూసి, ఇంకా పైన ఇంకో మెట్టుందని కనిపెట్టి అది కూడా ఎక్కింది. గురక పెట్టినాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. కుర్చీ తుడుచుకుని కూర్చున్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పసుపు ముందు వరస నుంచి వెనక గోడ దాకా పాకింది. పసుపు వెనకే కుంకుమ పాకింది. మూడువందలు దాటింది. వెయ్యి దాటింది.

రాగం దిగింది. రంగశాల ఊపిరి బిగబట్టింది. అప్పుడు జ వరసలోంచి సన్నటి, పగిలిన, ఎనభై ఆరేళ్ళ గొంతు ఒకటి లేచింది.

"వన్స్ మోర్."

పేరిందేవి ముందు కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. పక్కవాళ్ళు ఆవిడ వంక చూశారు. చాలామంది ఆ మాట తాతలు చెప్పగా వినడమే గానీ అననే లేదు. ఒకరు అన్నారు. పదిమంది అన్నారు. తరవాత లెక్కపెట్టడానికి లేదు. ఈలలు, చప్పట్లు, వన్స్ మోర్, వన్స్ మోర్, కుర్చీలు అదిరాయి.

"గట్టు తెగింది," అంది నెమ్మది. దాని గొంతులో మొదటిసారి తడబాటు. "చట్టం ప్రకారం వీళ్ళని చల్లబరచాలి. చల్లబరిస్తే వినరు. వినకపోతే ఒకటో కీడు జరుగుతుంది. ఏది చెయ్యను?"

వీరవేణి కళ్ళు తెరిచి బల్ల చూసింది. అన్ని కుంకుమ చుక్కలు ఆమె ఎప్పుడూ చూడలేదు. తొక్కిసలాట, తలుపులు, మెట్లు, అన్నీ బారులు తీరి నోటి దాకా వచ్చాయి. వాటిని మింగి, జనాన్ని చూసింది. ఒక్కరూ కుర్చీ వదిలి ముందుకు రాలేదు. ఉన్నచోటే ఉండి అడుగుతున్నారు.

"ఇది కీడు కాదు," అంది. "మళ్ళీ పాడమంటున్నారు."

"ఒకసారి విన్నారు కదా."

"విన్నారు కాబట్టే."

హార్మోనియం మళ్ళీ అందుకుంది. జనం సద్దుమణిగారు, ఎవరూ సద్దుమణచకుండానే. ఉమాపతి ఎగరొప్పుతూ కనుగదిలోకి వచ్చి, బల్ల చూసి, నిటారుగా నిలబడిపోయాడు. ఆయన అంత పొడుగని వీరవేణికి ఇవాళే తెలిసింది.

"బూడిద ఒక్కటే ఉందండి," అన్నాడాయన. "ఒక్కటే. అదీ ధ వరసలో చంటిపిల్ల. వాళ్ళమ్మ మెలకువగానే ఉంది. సంఘం వాళ్ళ చుక్కలు కూడా చూశాను, ముగ్గురూ కుంకుమే. ఇంక ఛాయానటుల మాట ఎవరెత్తుతారో చూస్తాను."

వీరవేణి తలూపింది గానీ ఆయన మాట సగమే వినపడింది.

"వినని వాళ్ళు ఇంకా ఉన్నారు," అంది నెమ్మది. "క్యాంటీన్లో పద్దెనిమిది మంది. బయట రెండో ఆట వరసలో ఆరువందల మంది." ఎవరూ చెప్పకుండానే అది తలుపులన్నీ తెరిచేసింది. పద్యం వసారాలోకి, క్యాంటీన్లోకి, బండ్లు నిలిపే చోటికి పారింది. క్యాంటీన్లో అట్టు తిరగేస్తున్నాయన అట్లకాడ గాల్లోనే ఆపాడు. అట్టు మాడింది, ఎవరూ అడగలేదు. బయట వరసలో నిలబడ్డవాళ్ళు తోసుకోవడం మానేసి తలలెత్తారు.

"చట్టంలో లేదండీ ఇది," అన్నాడు ఉమాపతి మురిసిపోతూ.

రెండోసారి పద్యం ముగిసింది. ఈసారి లోపలా బయటా కలిపి అడిగారు, వన్స్ మోర్. ధాత్రి నీళ్ళు తాగుతోంది. గ్లాసుతోనే.

"ఇంకొకరు వినలేదు," అంది నెమ్మది.

"ఇంకా ఎవరు?"

"కనుగదిలో ఉన్నవారు. పడవ ఊగినప్పుడల్లా కళ్ళు మూసుకుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. రెండుసార్లూ అంతే. నాడి నూట ముప్పై."

అని, ఆమె కుర్చీ వీపుపలకని కూడా టప్పున లేపింది.

ఉమాపతి మొహం పక్కకి తిప్పుకున్నాడు. వీరవేణి తన వేళ్ళ వైపు చూసుకుంది. అబద్ధమనడానికి లేదు. పదకొండేళ్ళుగా ఇక్కడ కూర్చుంది. కూతురు నెల రోజులుగా పాడుతోంది. ఆ నాలుగు పాదాల్లో ఒక్క పాదం చెప్పమంటే చెప్పలేదు.

ఆమె లేచింది.

"మీరు దిగిపోతే బల్ల ఎవరు చూస్తారండీ?" అన్నాడు ఉమాపతి.

"మీరు చూడండి. లేకపోతే ఎవరూ చూడొద్దు."

"కీడు ఎవరు ఎంచుతారు?" అంది నెమ్మది. వీరవేణి అప్పటికే మెట్ల మీద ఉంది.

పైనుంచి చూస్తే చిన్న గుంటలా కనపడే నీటిరంగం కింద నుంచి చూస్తే చెరువంత ఉంది. పడవ అంచు తాటిచెట్టంత ఎత్తున ఉన్నట్టుంది. జనం ఒంటి వేడి, నలిగిన పూల వాసన, జంతికల వాసన. జ వరసలో పేరిందేవి పక్కన కాస్త చోటుంటే వెళ్ళి నిలబడింది.

"నువ్వేనా గాలిపిల్లవి?" అంది పెద్దావిడ, గొంతు గుర్తుపట్టి. "కట్టేసినందుకు నీ కడుపు చల్లగా. ఆ రాణి ఎవరి పిల్లోగానీ..."

"నా పిల్లేనండి." పడవ వంక చూడగానే వేళ్ళు వాటంతటవే మళ్ళీ చెవుల్లోకి పోయాయి.

"అలాగా. అయితే చెవుల్లోంచి చేతులు తియ్యి."

వీరవేణి తీసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకటి పేరిందేవి చేతిలో, ఇంకోటి పక్కనున్న ఖాళీ కుర్చీ చేతిపలక మీద పెట్టింది.

ధాత్రి మూడోసారి ఎత్తుకుంది. పడవ ఊగింది. వీరవేణి కళ్ళు మూయలేదు. ఏటికి ఎదురీదిన సంగతి విన్నది. నీటి కోపం విన్నది. ఒడ్డు చేరని వారి దగ్గర పేరిందేవి చెయ్యి గట్టిగా పట్టుకుంది. రాగం పైకి పోయినప్పుడు తనూ మునివేళ్ళ మీద లేచింది, తనకే తెలియకుండా. ఇంత గొంతు ఈ పిల్లకి ఎప్పుడొచ్చింది, వేడినీళ్ళు తాగమని తను వెంటపడుతున్నప్పుడా, పీట దిగమన్నప్పుడా? పైన, కనుగదిలో, జ వరస దగ్గర ఒక చుక్క కుంకుమలోకి తిరిగింది.

పద్యం అయిపోయింది. జనం అలిసిపోయారు. మూడుసార్లు విన్నారు, ఇంక చాలనుకున్నట్టు చప్పట్లకి చేతులెత్తుతున్నారు. ధాత్రి అంచు మీద నుంచి వెనక్కి తిరగబోతోంది.

"వన్స్ మోర్," అంది వీరవేణి.

అంత గట్టిగా అంటానని ఆమె అనుకోలేదు. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు.

రంగం మీద ధాత్రి ఆగింది. నాలుగువేల మందిలో ఆ గొంతు ఎవరిదో తెలుసుకోడానికి ఆ పిల్లకి చూడాల్సిన పని లేదు. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద కొంటెతనం, హార్మోనియం వైపు తలూపి, పడవ అంచు మీద ఇంకో అడుగు ముందుకేసింది.